వెండి ముద్ద, హీలియం చుక్క, రెండు లేజర్ దెబ్బలు: ప్రాజెక్టు డైరీ

రోజు 1

ల్యాబ్ నోట్‌బుక్‌లో అంకెలు ఉంటాయి, తిట్లు ఉండవు. పోయినేడాది నోట్‌బుక్ తిరగేస్తే ఒక పేజీలో "నాజిల్ 9.2 కెల్విన్, బీమ్ బాగుంది" అని మాత్రం ఉంది. ఆ రోజు తెల్లవారుజాము దాకా ఎందుకు కూర్చున్నానో ఎక్కడా లేదు. అందుకే ఈసారి పక్కన ఈ డైరీ.

పని చెప్పడానికి తేలిక. హీలియం చుక్క లోపల యాభై, అరవై వెండి పరమాణువులను ముద్ద కట్టించాలి. దాని మీద రెండు లేజర్ పల్సులు వేయాలి. మొదటిది ముద్దను రగిలించేంత మాత్రమే. కాస్త ఆగి రెండోది, గట్టిగా. మధ్యలో ఎంతసేపు ఆగితే వెండి అయాన్లు ఎక్కువ ఎలక్ట్రాన్లు పోగొట్టుకుని బయటపడతాయో కొలవాలి. ఆ "ఎంతసేపు" పికోసెకన్లలో ఉంటుంది, అంటే సెకనులో లక్ష కోట్ల వంతు.

దారి వేసినవాళ్లు ముందే ఉన్నారు. పల్స్ తగిలిన క్లస్టర్‌ను (ఇలాంటి పరమాణువుల ముద్దను) చిన్న ప్లాస్మా గోళంగా, అంటే అయాన్లూ విడిపడ్డ ఎలక్ట్రాన్లూ కలిసిన మబ్బుగా చూసే నమూనాను 1996లో డిట్‌మైర్ బృందం ఇచ్చింది. 1999లో జర్మనీలోని రోస్టాక్ బృందం ప్లాటినం క్లస్టర్ల మీద ఒక విచిత్రం చూపించింది. పల్స్ శక్తి మార్చకుండా దాన్ని కాలంలో సాగదీశారు. సాగదీస్తే గరిష్ఠ తీవ్రత పడిపోతుంది కదా, అయాన్ల మీద ఆవేశం కూడా తగ్గాలి. తగ్గలేదు, పెరిగింది. క్లస్టర్‌కు వ్యాకోచించే వ్యవధి దొరకడమే కారణం. మా రెండు పల్సుల ఆట ఆ గమనికకు కొనసాగింపే.

హీలియం ఎందుకంటే, ముద్దను పట్టుకోవడానికి. చుక్క ఉష్ణోగ్రత 0.37 కెల్విన్ (గోటింగెన్‌లో టోనీస్ బృందం 1995లో కొలిచింది). అంత చల్లదనంలో అది సూపర్‌ఫ్లూయిడ్ (ఘర్షణ లేకుండా పారే ద్రవం), లోపల పడ్డ పరమాణువులు అడ్డులేకుండా తిరిగి ఒకదాన్నొకటి వెతుక్కుంటాయి. 800 నానోమీటర్ల లేజర్ కాంతికి అది పారదర్శకం. ప్రతిపాదనలో నేను రాసిన వాక్యం: "హీలియం ఇక్కడ కేవలం ఆధారం." మా సీనియర్ అక్క "కేవలం" కింద గీత గీసి పక్కన ప్రశ్నార్థకం పెట్టింది. ఎందుకని అడిగితే "చూద్దాం" అంది.

రోజు 4

నాజిల్ మూసుకుపోయింది.

కొంచెం వివరంగా రాయాలంటే, మా నాజిల్ రంధ్రం 5 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). 20 బార్ల పీడనంలో ఉన్న హీలియం వాయువు దాన్లోంచి శూన్యంలోకి దూకుతుంది, దూకుతూ చల్లబడి చుక్కలవుతుంది. నాజిల్‌ను కోల్డ్ హెడ్‌కు (శీతల యంత్రం చల్లటి కొనకు) బిగించి 10 కెల్విన్ చుట్టుపక్కల ఉంచుతాం. ఆ ఉష్ణోగ్రతలో వాయువు స్థితిలో మిగిలేది హీలియం ఒక్కటే. నైట్రోజన్, ఆక్సిజన్, నీటి ఆవిరి, ఏది ఇసుమంత ఉన్నా అక్కడే మంచుగా పేరుకుంటుంది. 5 మైక్రాన్ల రంధ్రం పూడటానికి ఎంత కావాలి గనక! 99.9999 శాతం శుద్ధమైన హీలియమే వాడుతున్నాం, దారిలో మలినాలను గడ్డకట్టించి పట్టుకునే ద్రవ నైట్రోజన్ ట్రాప్ కూడా ఉంది. తప్పు వాయువుది కాదు. సీసా మార్చినప్పుడు గొట్టంలో చిక్కిన గాలిని నేను ఒక్కసారే ఊడ్చేశాను, మూడు సార్లు చేయాల్సింది.

మందు ఒక్కటే: గది ఉష్ణోగ్రతకు వేడెక్కించి మళ్లీ చల్లబరచడం. ఒక రోజు పోయింది.

రోజు 6

నాజిల్‌ను స్కిమ్మర్ ముందు సరిగ్గా కూర్చోబెట్టాం. స్కిమ్మర్ అంటే కోసుగా ఉన్న లోహపు గరాటు, కొనలో అర మిల్లీమీటరు రంధ్రం. నాజిల్ నుంచి చిమ్మే దాంట్లో నడిమి భాగాన్ని మాత్రం తర్వాతి గదిలోకి వదులుతుంది. చుక్కలు కంటికి కనిపించవు గనక చివరి గదిలో హీలియం పీడనం ఎంత ఎక్కుతోందో చూస్తూ మరలు తిప్పడమే. పావు చుట్టు అటు, పావు చుట్టు ఇటు. అక్క మీటరు చదువుతుంది, నేను తిప్పుతాను. రేడియో ట్యూన్ చేసినట్టుంటుంది, స్టేషన్ దొరికేది మాత్రం రెండు గంటల తర్వాత.

రోజు 9

చుక్క ఎంత పెద్దది కావాలి? ఈ లెక్క మొదటి రోజే వేసి ఉండాల్సింది.

చుక్క నుంచి ఒక హీలియం పరమాణువు ఊడటానికి దాదాపు 0.6 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టు చాలు (ఎలక్ట్రాన్ వోల్టు పరమాణువుల స్థాయిలో శక్తిని కొలిచే ప్రమాణం, మిల్లీ అంటే అందులో వెయ్యో వంతు). వెండి పరమాణువు వచ్చి ముద్దలో అతుక్కుంటే వదిలే బంధనశక్తి, ఘన వెండి విలువ తీసుకుంటే, 3 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర. ఆ వేడినంతా చుక్క తన పరమాణువులను ఆవిరి చేసుకునే వదిలించుకోవాలి. అంటే ఒక్క వెండి పరమాణువుకు దాదాపు 5,000 హీలియం పరమాణువులు మూల్యం. 55 వెండి పరమాణువులకు రెండున్నర లక్షల పైమాటే.

కాబట్టి పదివేల పరమాణువుల చుక్క మాకు పనికిరాదు, రెండు వెండి పరమాణువులు పడేసరికే అది అయిపోతుంది. కనీసం పది లక్షల పరమాణువుల చుక్క కావాలి. దాని వ్యాసార్ధం 22 నానోమీటర్లు. ఆ స్థాయి చుక్కలు రావాలంటే మా నాజిల్‌ను 9 కెల్విన్ దగ్గరికి దించాలి. 10 పైన ఉంటే వేలు, పదివేలు దాటవు. ఒక్క కెల్విన్ అటూ ఇటూ అయితే పరిమాణం పదింతలు మారిపోతుంది, అందుకే ఉష్ణోగ్రతను వందో వంతు దాకా స్థిరంగా పట్టాలి.

ఇందులో నాకు నచ్చే సంగతి ఒకటుంది. ఇన్ని లక్షల పరమాణువులు ఎగిరిపోయినా మిగిలిన చుక్క ఉష్ణోగ్రత మళ్లీ 0.37 కెల్విన్‌కే వచ్చి ఆగుతుంది. అది కుంచించుకుపోతుంది గానీ వేడెక్కదు.

రోజు 10

ఒకరు అడిగారు: వెండి కొలిమికి అంత వేడి కావాలి కదా, మెగ్నీషియం చాలా తక్కువ వేడికే ఆవిరవుతుంది, అది వాడొచ్చుగా? వాడొచ్చు. కానీ మెగ్నీషియంకు హీలియం చుక్కలో ఒక వింత అలవాటుంది. పరమాణువులు దగ్గరికొస్తాయి, ముద్ద కట్టవు. మధ్యలో హీలియం పొర అడ్డుపడి, ఒకదానికొకటి దాదాపు 10 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఆంగ్‌స్ట్రామ్ అంటే నానోమీటరులో పదో వంతు) దూరంలో నురగలా నిలబడిపోతాయి. కాంతి తగిలితే ఆ నురగ కుప్పకూలి అప్పుడు ముద్ద అవుతుంది. రోస్టాక్ వాళ్లు 2008లో దీన్ని బయటపెట్టారు. చూడముచ్చటైన సంగతే, కానీ మొదటి పల్స్ తగిలేసరికి ముద్ద తయారుగా ఉండటం నాకు కావాలి. వెండే.

రోజు 13

కొలిమి వెలిగింది. వెండి ముక్కను చిన్న మూసలో పెట్టి 850 డిగ్రీల సెల్సియస్‌కు తెచ్చాం. వెండి కరిగేది 962 దగ్గర. కరగాల్సిన పనేం లేదు, ఈ వేడికే ఘనరూపం నుంచి మాకు చాలినంత ఆవిరి లేస్తుంది. చుక్క వెళ్లే దారి పొడవు కొలిమిలో 2 సెంటీమీటర్లు. ఆ దారిలో 55 ఢీలు కావాలంటే ఆవిరి పీడనం 3×10⁻⁴ మిల్లీబార్ల దగ్గర ఉండాలని లెక్క తేలింది.

కిటికీ అద్దంలోంచి చూస్తే కొలిమి నోరు ఎర్రగా కనిపిస్తోంది. ఆ ఎర్రటి నోట్లోంచి 0.37 కెల్విన్ చుక్కలు సెకనుకు రెండు మూడు వందల మీటర్ల వేగంతో దూసుకుపోతున్నాయి, బయటికొచ్చేసరికి కడుపులో వెండితో, అదే చల్లదనంతో. ఎన్నిసార్లు చూసినా ఇది నాకు మామూలు విషయం అనిపించదు.

ఒక జాగ్రత్త. "55 పరమాణువుల క్లస్టర్" అని రాస్తున్నాను గానీ అది సగటు. ఢీలు యాదృచ్ఛికం, చుక్కల పరిమాణాలు కూడా రకరకాలు. నలభై ఉన్నవీ, డెబ్భై ఉన్నవీ కలిసే వస్తాయి.

రోజు 16

మొదటి స్పెక్ట్రం. 100 ఫెమ్టోసెకన్ల (ఫెమ్టోసెకను అంటే పికోసెకనులో వెయ్యో వంతు) పల్స్ ఒక్కటే, తీవ్రత చదరపు సెంటీమీటరుకు 10¹⁴ వాట్లు. అయాన్లను టైమ్ ఆఫ్ ఫ్లైట్ గొట్టంలోకి తోసి, ఎంతసేపటికి చేరుతున్నాయో చూస్తాం. చేరే సమయం ద్రవ్యరాశిని ఆవేశంతో భాగించిన సంఖ్యకు వర్గమూలంలా పెరుగుతుంది. ఎక్కువ ఆవేశం ఉన్నది ముందు వస్తుంది.

తెర మీద గీతలు బారులు తీరి కనిపించగానే గంతేశాను. వెండి 5+ (ఐదు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్నది), 6+, 7+, 8+, 9+, అన్నీ ఉన్నాయి! 6+ అయితే మిగతావాటికన్నా ఎత్తు. అక్క కుర్చీ లాక్కుని కూర్చుని "కొలిమి ఆపి చూపించు" అంది.

ఆపాను. 6+ అలాగే ఉంది.

అది నీళ్లు. వెండి సగటు ద్రవ్యరాశి 107.87. ఆరుతో భాగిస్తే 17.98. నీటి అయాన్ 18 దగ్గర. పైగా వెండికి 107, 109 అని రెండు ఐసోటోపులు (ద్రవ్యరాశిలో మాత్రం తేడా ఉన్న రూపాలు) దాదాపు సమానంగా ఉంటాయి. వాటి 6+ గీతలు 17.8, 18.2 దగ్గర పడి నీళ్లను మధ్యలో పెట్టుకుంటాయి. మా పరికరానికి ఆ మూడింటినీ విడదీసే చూపు లేదు. 9+ సంగతీ అంతే: 11.99, కార్బన్ 12 మీద. శూన్యపు గదుల్లో నీళ్లు, పంపు నూనె తాలూకు కార్బన్ ఎంత తుడిచినా ఎంతో కొంత ఉంటాయి.

నిర్ణయం: 6+, 9+ జోలికి పోం. 5+ (21.6), 7+ (15.4), 8+ (13.5), 10+ (10.8), ఈ నాలుగే మా సాక్షులు.

రోజు 17

ఈ రోజంతా అడ్డుమూతల పరీక్షలు, అంటే ఒక్కోదాన్నీ ఆపి ఏ గీత దేనిదో చూడటం. చుక్కలు ఆపి కొలిమి వేడిగా ఉంచితే వెండి 1+ మాత్రమే కాస్త కనిపించింది, అది కొలిమి నుంచి తప్పించుకున్న ఒంటరి పరమాణువులది. 7+, 8+, 10+ అసలు లేవు. ఉండకూడదు కూడా. ఒంటరి వెండి పరమాణువు నుంచి మొదటి ఎలక్ట్రాన్ లాగడానికి 7.6 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి, దానికి 1.3×10¹³ వాట్లు చాలు. రెండోదానికి 21.5 ఎలక్ట్రాన్ వోల్టులు, ఎలక్ట్రాన్‌ను లోపల పట్టి ఉంచే శక్తి అడ్డుగోడను లేజర్ క్షేత్రం పూర్తిగా వంచాలంటే 2×10¹⁴ దాటాలి. మేమున్నది 10¹⁴ దగ్గర. అంటే ఒంటరిగా ఉంటే రెండో ఎలక్ట్రానే కష్టం. ముద్దలో ఉంటే పది పోతున్నాయి. ముద్దగా ఉండటమే ఆ తేడా.

రోజు 21

ప్రశ్నార్థకం రోజు.

కొలిమి చల్లగా, చుక్కలు మాత్రం వెళ్తున్నాయి, అదే 10¹⁴. హీలియం అయాన్ ఉండే చోట, 4 దగ్గర, ఏమీ లేదు. సరైనదే. హీలియం ఎలక్ట్రాన్‌ను 24.6 ఎలక్ట్రాన్ వోల్టుల పట్టుతో పట్టుకుంటుంది. దాని అడ్డుగోడ వంగడానికి 1.5×10¹⁵ వాట్లు కావాలి, మా దగ్గరున్నదానికి పదిహేను రెట్లు.

కొలిమి వేడిచేశాం. లేజర్ ముట్టుకోలేదు. వెండి గీతలు వచ్చాయి, వాటితో పాటు 4 దగ్గర తెర పైఅంచు దాటే గీత.

మొదట నమ్మలేదు. కార్బన్ 3+ కూడా సరిగ్గా 4 దగ్గరే పడుతుంది, అది కావచ్చేమో అనుకున్నాను. చుక్కల మూత వేశాను, గీత మాయం. కొలిమి ఆరబెట్టాం, గీత మాయం. రెండూ ఉంటేనే ఉంది. హీలియం 2+ కూడా ఉందో లేదో చూద్దామంటే అది 2 దగ్గర పడుతుంది, అక్కడ హైడ్రోజన్ అణువు తిష్ఠ వేసుకుని ఉంటుంది. దాన్ని వదిలేశాం.

జరుగుతున్నది ఇదీ. లేజర్ నేరుగా హీలియంను అంటించలేదు. వెండిని అంటిస్తుంది. వెండి నుంచి లేచిన ఎలక్ట్రాన్లు లేజర్ క్షేత్రంలో ఊగి వేడెక్కి, పక్కనే ఉన్న హీలియంను గుద్ది దాని ఎలక్ట్రాన్లనూ ఊడగొడతాయి. లోపల పేరుకున్న ధన ఆవేశం కూడా చుట్టూ ఉన్న హీలియం అడ్డుగోడలను వంచుతుంది. తడి కట్టెలో ఎండు పుల్ల దోపినట్టు. జెనాన్ పరమాణువులతో ఇదే సంగతిని 2009లో మికబెరిద్జె, సాల్మన్, రోస్ట్ లెక్కల్లో చూపారు, 2011లో కృష్ణన్ బృందం అతి పొట్టి పల్సులతో ప్రయోగంలో చూపింది. నేను అవి చదివాను. చదివీ "కేవలం ఆధారం" అని రాశాను.

రోజు 24

రెండు పల్సుల ఏర్పాటు. లేజర్ పుంజాన్ని రెండు చేతులుగా చీల్చి, ఒక చేతి చివరి అద్దాన్ని కదిలే బల్ల మీద పెట్టి, మళ్లీ కలుపుతాం. బల్ల 1 మైక్రాన్ జరిగితే కాంతి దారి 2 మైక్రాన్లు పెరుగుతుంది, అంటే 6.67 ఫెమ్టోసెకన్ల ఆలస్యం. సున్నా ఎక్కడుందో తెలుసుకోవడానికి రెండు పల్సులనూ స్ఫటికంలో కలిపి, అవి ఒక్కసారే వచ్చినప్పుడు పుట్టే నీలి మెరుపును చూస్తాం. మెరుపు గట్టిగా ఉన్న చోటును సున్నాగా రాసుకున్నాం.

ఆ తర్వాత మొదటి పల్స్ చేతిలో మసక ఫిల్టర్ పెట్టి దాని తీవ్రత 2×10¹³కు దించాం. రెండోది 10¹⁴.

రోజు 25 నుంచి 28

నాలుగు రాత్రులు. పికోసెకనులో పదో వంతు చొప్పున ఆలస్యం పెంచుతూ 10+ ఎత్తు రాసుకోవడం. వంపు నున్నగా లేచి 5.2 పికోసెకన్ల దగ్గర శిఖరం, తర్వాత మెల్లగా దిగుతుంది. అందంగా ఉంది. 3.1 దగ్గర రెండు మూడు బిందువులు మాత్రం పిచ్చిగా ఎగిరిపడుతున్నాయి. ఒక్కో స్కాన్‌లో ఒక్కో విలువ. లేజర్ కునుకు తీసిందనుకుని వాటిని కొట్టేశాను.

రోజు 29

అక్క గ్రాఫ్ చూసింది. నేను కొట్టేసిన బిందువుల దగ్గర వేలు పెట్టింది.

"ఇవి ప్రతి రాత్రీ ఇక్కడే ఎగిరాయా?"

"అవునక్కా. 3.1 దగ్గరే."

"లేజర్ ప్రతి రాత్రీ సరిగ్గా 3.1 దగ్గరే కునుకు తీస్తుందా? ఫిల్టర్ ఎప్పుడు పెట్టావు? సున్నా చూడకముందా, చూశాకా?"

చూశాక.

ఫిల్టర్ 1 మిల్లీమీటరు మందమున్న సిలికా గాజు. గాజులో పల్స్ గాలిలోకన్నా నెమ్మదిగా పోతుంది, ఆ 1 మిల్లీమీటరుకు 1.56 పికోసెకన్లు వెనకబడుతుంది. చేతి చివర అద్దం ఉంటుంది గనక పల్స్ ఆ గాజులోంచి వెళ్లి, తిరిగి అదే గాజులోంచి వస్తుంది. రెండింతలు: 3.12. నా అసలు సున్నా బల్ల చూపించే 3.1 దగ్గర ఉంది. అక్కడ రెండు పల్సులు ఒకదాని మీద ఒకటి పడి వ్యతికరణం చెందుతున్నాయి, ఒకసారి కలిసి బలపడుతూ, ఒకసారి చంపుకుంటూ. ఎగిరిపడకుండా ఎలా ఉంటుంది? 3.1కి ఎడమ పక్క నేను "నెమ్మదిగా పెరుగుదల" అని రాసిందంతా బలమైన పల్స్ ముందు, బలహీనమైనది వెనక వచ్చిన కథ.

నాలుగు రాత్రుల డేటా పోలేదు, ప్రతి అంకెలోంచీ 3.12 తీసేస్తే సరి. అసలు శిఖరం 2.1 పికోసెకన్ల దగ్గర. కొట్టేసిన బిందువులే సున్నాను పట్టించాయి. ఇక మీద ఏ బిందువునూ కొట్టేయను, పక్కన గుర్తు పెట్టి ఉంచుతాను.

రోజు 30

2.1 పికోసెకన్లు నమ్మదగ్గదేనా? కాగితం మీద చూశాను.

ముద్దలోని ఎలక్ట్రాన్ల మబ్బుకు ఊగడానికి తనదైన పౌనఃపున్యం ఒకటి ఉంటుంది, ఎలక్ట్రాన్ సాంద్రతను బట్టి. సాంద్రత తగ్గేకొద్దీ అదీ తగ్గుతుంది. అది లేజర్ పౌనఃపున్యంతో కలిసిన క్షణాన అనునాదం: ముద్ద కాంతిని గటగటా తాగుతుంది. 800 నానోమీటర్లకు ఆ సాంద్రత ఘన సెంటీమీటరుకు 5.2×10²¹ ఎలక్ట్రాన్లు. ఘన వెండిలో పరమాణువుకు ఒక్క ఎలక్ట్రాన్ లెక్కేసుకున్నా 5.86×10²², పదకొండు రెట్లు ఎక్కువ. కనుక ముద్ద ఉబ్బాలి. ఘనపరిమాణం పదకొండింతలంటే వ్యాసార్ధం 2.2 రెట్లు. పరమాణువుకు నాలుగు ఎలక్ట్రాన్లు ఊడి ఉంటే 3.6 రెట్లు.

55 పరమాణువుల ముద్ద వ్యాసార్ధం 6 ఆంగ్‌స్ట్రామ్‌లు. 14 నుంచి 22 దాకా ఉబ్బాలి. 1 ఎలక్ట్రాన్ వోల్టు శక్తి ఉన్న వెండి అయాన్ పికోసెకనుకు 13 ఆంగ్‌స్ట్రామ్‌లు పోతుంది. బలహీనమైన మొదటి దెబ్బకు అయాన్లు అంతకన్నా కాస్త తక్కువ వేగంతో కదిలాయనుకుంటే ఒకటి, రెండు పికోసెకన్లు. 2.1 సరిగ్గా ఆ బజారులోనే ఉంది. 5.2 అయినా ఏదో కథ అల్లి ఒప్పించుకునేవాణ్ణేమో, అదే భయం.

రోజు 33

మొదటి పల్స్‌ను 5×10¹³కు పెంచాం. ఈసారి ఫిల్టర్ పెట్టాకే సున్నా చూశాం. వెండి శిఖరం 1.4 పికోసెకన్లకు ముందుకొచ్చింది. గట్టిగా కొడితే తొందరగా ఉబ్బుతుంది, అనునాదం తొందరగా వస్తుంది. ఇది ఊహించిందే.

ఊహించనిది హీలియం గీత. దాని ప్రధాన శిఖరం వెండితో పాటే వస్తోంది గానీ అంతకు ముందే, 0.5 పికోసెకన్ల దగ్గర, భుజంలాంటి ఉబ్బు ఉంది. మూడు స్కాన్లలోనూ అక్కడే.

మళ్లీ కాగితం. ద్రవ హీలియం సాంద్రత ఘన సెంటీమీటరుకు 2.18×10²² పరమాణువులు. ఒక్కోదాన్నుంచి ఒక ఎలక్ట్రాన్ ఊడితే అనునాద సాంద్రతకు నాలుగు రెట్లు మాత్రమే. వ్యాసార్ధం 1.6 రెట్లు పెరిగితే చాలు. పైగా హీలియం వెండికన్నా 27 రెట్లు తేలిక, అదే శక్తికి 5 రెట్లు వేగం. తక్కువ దూరం, ఎక్కువ పరుగు. రగిలిన హీలియం పొర వెండికన్నా ముందే తన అనునాదాన్ని దాటిపోవాలి. ఆ ఉబ్బు అదేననిపిస్తోంది. అప్పుడు ఒకే చుక్కలో రెండు గంటలున్నట్టు: బయటిది ముందు మోగుతుంది, లోపలిది తర్వాత.

అక్కకు చూపించాను. "నాలుగో స్కాన్ తీయి" అంది. తీశాను. ఉంది.

రోజు 36

తీవ్రత బాగా దించి, ఒకే పల్స్, 10¹³. ఎక్కువ ఆవేశాలన్నీ మాయం. ఇప్పుడు 107, 109 తర్వాత దువ్వెన పళ్లలా 111, 113, 115, 117... రెండేసి తేడాతో గీతలు. మొదట రెండేసి ఎందుకో తట్టలేదు, హీలియం అంటుకుంటే నాలుగు పెరగాలి కదా. రెండు ఐసోటోపులూ చెరో నాలుగేసి వేస్తున్నాయి. 107 మీద ఒక హీలియం 111, 109 మీద ఒకటి 113, 107 మీద రెండు 115. రెండు మెట్ల వరుసలు ఒకదానిలో ఒకటి దూరాయి.

వీటిని స్నోబాల్ అంటారు. చుక్కలో చిక్కుకున్న అయాన్ చుట్టూ హీలియం గట్టిగా బిగుసుకుని మంచుగడ్డలా అంటుకుపోతుంది. వేగంగా బయటికి దూసుకుపోయిన అయాన్‌కు ఈ చొక్కా తొడుక్కునే వ్యవధి ఉండదు. అంటే ఈ దువ్వెన ఎంత పొడుగుంటే లోపల అంతమంది బందీలు. బలహీనమైన దెబ్బకు హీలియం పంజరం, బలమైన దెబ్బకు హీలియం ఇంధనం. ఒకే చుక్క.

రోజు 41

చుక్కను నాలుగింతలు చేసి చూద్దామనుకున్నాం, లోపల వెండి మాత్రం అంతే ఉంచి. నాజిల్ చల్లబరిస్తే చుక్క పెరుగుతుంది, కానీ పెద్ద చుక్క కొలిమిలో ఎక్కువ వెండిని పోగేసుకుంటుంది. దాని అడ్డుకొలత రెండున్నర రెట్లు. కాబట్టి కొలిమిని 35 డిగ్రీలు దించాలి. ఒకటి ముట్టుకుంటే రెండోది కదులుతుంది. ఉదయమంతా దీనికే.

సాయంత్రానికి ఒక జత స్పెక్ట్రంలు చేతికొచ్చాయి. పెద్ద చుక్కలో 10+ బాగా తగ్గింది, 5+ అంతగా తగ్గలేదు, స్నోబాల్ దువ్వెన పొడుగైంది. బయటికొచ్చే దారి మందమైంది గనక అయాన్లు దారిలో నెమ్మదిస్తున్నాయి, చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్లలో కొన్నింటిని తిరిగి పట్టుకుంటున్నాయి అని నా లెక్క. ఆలస్యపు వంపు ఈ పెద్ద చుక్కలతో రేపు రాత్రి తీద్దామనుకున్నాం.

రోజు 42

నాజిల్ మూసుకుపోయింది. ఈసారి గొట్టాన్ని మూడు సార్లు ఊడ్చాను, ప్రమాణం చేసి చెబుతున్నాను. ట్రాప్‌లో ద్రవ నైట్రోజన్ అయిపోయిందని తెల్లారాక చూశాం. ఆ పాపం పంచుకోవడానికి ఇద్దరం ఉన్నాం.

కోల్డ్ హెడ్ ఆపాం. 40 కెల్విన్ దాటింది, గది ఉష్ణోగ్రతకు రావడానికి రాత్రి దాకా పడుతుంది. ఈలోగా ప్రతిపాదన ఫైలు తెరిచి "కేవలం" అనే మాట తీసేశాను. ఆ వాక్యంలో ఇంకేం రాయాలో పెద్ద చుక్కల వంపు వచ్చాక చూస్తాను. అక్క సీసా తేవడానికి వెళ్లింది.